టీవీ మానేశాం అంటే ఏం మానేసినట్టు?

సంక్రాంతికి భీమవరం వెళ్లినప్పుడు అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది, "మేం టీవీ చూడ్డం మానేశాంరా" అని. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కూర్చున్నది టీవీ ఎదురుగానే. చేతిలో రిమోట్. దాని మీదున్న మైకు బొమ్మ నొక్కి "గోంగూర నిల్వ పచ్చడి" అంది. 43 అంగుళాల తెర మీద పది ఊళ్ల గోంగూర పచ్చళ్లు వరసగా వచ్చి కూర్చున్నాయి.

మరి మానేసింది ఏమిటి? ఆవిడ లెక్కలో, నెలనెలా కేబుల్ ఆయనకి కట్టే డబ్బులు. మా తమ్ముడి కొడుకు కూడా టీవీ మానేశానంటాడు. వాడి ఉద్దేశం వేరు, వాడు హాల్లోకే రాడు, ఫోన్‌లో చూసుకుంటాడు. మా బావగారి మాటకి ఇంకో అర్థం, ఆయన న్యూస్ ఛానళ్లే చూస్తాడు కానీ యూట్యూబ్‌లో చూస్తాడు. ముగ్గురూ ఒకే మాట అంటున్నారు, ముగ్గురూ మానేసింది వేరు.

టీవీ అని మనం అన్నదాంట్లో మొదట్నుంచీ మూడు సంగతులు కలిసి ఉన్నాయి. పెట్టె ఒకటి. దాంట్లోకి బొమ్మ వచ్చే దారి ఒకటి. ఏది ఎప్పుడు చూడాలో చెప్పే వేళ ఒకటి. ఏళ్ల తరబడి మూడూ ఒకే ముద్దగా ఉండటంతో విడదీసి చూసే అవసరం రాలేదు. ఇప్పుడు విడిపోయాయి. పెట్టె హాల్లోనే ఉంది, పైగా పెద్దదైంది. దారి మారింది. వేళ దాదాపు పోయింది. ఆన్‌లైన్ వీడియో మీద జనానికున్న మోజు ఎక్కువగా ఈ మూడోదాని వల్లే అని నాకనిపిస్తుంది. కానీ ముందు దారి సంగతి చూడాలి, ఎందుకంటే డబ్బులూ చిరాకులూ ఉన్నది అక్కడే.

తెలుగు పల్లెల్లోకి టీవీ వచ్చిన మొదటి దారి ఆకాశంలోంచే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, మన దేశం 'సైట్' అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. కోళ్ల గూళ్లకి వాడే ఇనుప వలలాంటి దానితో చేసిన పది అడుగుల డిష్, ఊరందరికీ కలిపి ఒక టీవీ. తర్వాత 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఆ తర్వాతి కాలం డాబా మీద యాంటెన్నాది. గాలికి అది తిరిగిపోతే ఒకడు పైకెక్కి తిప్పడం, కింద ఇంకొకడు "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరవడం. 90ల్లో కేబుల్ వైరు కొబ్బరిచెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఇంట్లోకి దిగింది. 1995లో జెమినీ, ఈటీవీ రెండూ మొదలవడంతో తెలుగిళ్లలో కేబుల్ కనెక్షన్ లేకపోతే కుదరని పరిస్థితి వచ్చింది.

డాబా మీది యాంటెన్నా అయినా, కేబుల్ అయినా, డిష్ అయినా, ప్రసారం లక్షణం ఒకటే. అది వాన లాంటిది. ఊరంతటికీ ఒకేసారి కురుస్తుంది, గిన్నె పెట్టుకున్నవాళ్లకి నీళ్లు. గిన్నెలు వెయ్యి ఉన్నా లక్ష ఉన్నా మబ్బుకి ఖర్చు పెరగదు. ఆన్‌లైన్ వీడియో ట్యాంకర్ లాంటిది. ఎవరు ఫోన్ చేస్తే వాళ్లింటికి విడిగా ఒక ట్యాంకర్ రావాలి. అడిగిన వేళకే వస్తుంది, అడిగినంతే పోస్తుంది, కానీ పక్కింటివాళ్లు అదే నీళ్లు అడిగినా ఇంకో ట్యాంకర్ బయల్దేరాల్సిందే.

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరిగినప్పుడు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. తలకి సెకనుకు 2 మెగాబిట్లు చొప్పున వేసుకున్నా, మొత్తం 118 టెరాబిట్లు అవుతుంది. అంత సరుకు ఒక్కచోటి నుంచి పంపడం అయ్యే పని కాదు. అందుకే వీడియో కాపీల్ని ముందుగానే నగరనగరానికీ, ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోకీ తెచ్చి పెడతారు. మీరు అడిగినప్పుడు అది అమెరికా నుంచి రాదు, ఏ హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వస్తుంది. ప్రత్యక్ష ప్రసారానికైతే ఈ పంపిణీ అంతా అప్పటికప్పుడు జరగాలి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. క్రికెట్ ఉన్న రోజు మన ఇంట్లో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే, డిష్ ఉన్న పక్కింట్లోంచి "అవుట్" అని కేక వినిపిస్తుంది. నెట్ స్పీడు ఎంత పెంచుకున్నా ఈ తేడా పోదు, ఎందుకంటే స్పీడు వల్ల వచ్చింది కాదది. ఆన్‌లైన్‌లో వీడియోని కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కనీ నాలుగైదు నాణ్యతల్లో తయారు చేస్తారు. మీ యాప్ నెట్ జోరుగా ఉంటే పెద్ద ముక్క అడుగుతుంది, నీరసిస్తే చిన్న ముక్క అడుగుతుంది. బొమ్మ మధ్యలో మసకబారి మళ్లీ తేరుకునేది అందుకే. ఎక్కడా ఆగిపోకుండా ఉండటానికి యాప్ ఎప్పుడూ కొన్ని ముక్కల్ని ముందుగానే దాచిపెట్టుకుంటుంది. కోయడం, తయారు చేయడం, దాచుకోవడం అన్నీ కలిపి అర నిమిషం దాకా ఆలస్యం పడుతుంది. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, అక్కడికి వెళ్లి రావడానికి సిగ్నల్‌కి పట్టేది పావు సెకను.

పాత దారికి తన తిప్పలు తనకున్నాయి. డిష్‌కి శత్రువు వాన. డీటీహెచ్, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కి వచ్చే టీవీ, వాడే తరంగాలని పెద్ద వాన చినుకులు మింగేస్తాయి, సరిగ్గా తుఫాను వార్తలు కావాల్సిన రోజే తెర మీద 'సిగ్నల్ లేదు' అని పడుతుంది. ఫైబర్‌కి వానతో పేచీ లేదు. దాని శత్రువు జేసీబీ. రోడ్డు పక్క ఎక్కడో కాలువ తవ్వితే మా వీధి మొత్తం రెండు రోజులు నెట్ లేదు. "కట్ అయిందండీ, స్ప్లైసింగ్ చేస్తున్నారు" (తెగిన ఫైబర్‌ని అతుకుతున్నారని) అన్న మాట మా అమ్మకి కూడా కంఠతా వచ్చేసింది.

డబ్బుల లెక్క దగ్గరకొస్తే, జనాన్ని కేబుల్ నుంచి బయటికి తోసిన ఏడాది ఏదంటే నేను 2019 అంటాను. అంతకుముందు కేబుల్ బిల్లు ఒకటే అంకె. నెలకింత అని ఆయన వచ్చి అడిగేవాడు, ఇచ్చేవాళ్లం, అన్ని ఛానళ్లూ వచ్చేవి. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం, టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, చూసే ఛానల్‌కే డబ్బు కట్టండి అని. 100 ఉచిత ఛానళ్లకి కనెక్షన్ రుసుము 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. డబ్బు ఛానళ్లు కావాలంటే ఆ పైన ఒక్కోదానికి ఒక్కో ధర. బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి అమ్మే మూటలో, చేర్చాలంటే ఛానల్ ధర 19 రూపాయలు మించకూడదని నిబంధన పెడితే, పెద్ద వినోద ఛానళ్లు చాలావరకు సరిగ్గా ఆ 19 దగ్గరే వెళ్లి కూర్చున్నాయి. విడిగా కొంటే ఖరీదు, బొకేగా కొంటే చౌక. అలా అక్కర్లేని ఛానళ్లు మళ్లీ ఇంట్లోకి వచ్చాయి. జనం ఛానళ్ల జాబితా పట్టుకుని కేబుల్ ఆఫీసుల ముందు నిలబడ్డారు. ఆ ధరల్ని ట్రాయ్ ఆ తర్వాత కూడా పలుమార్లు సవరించింది, 2024 జులైలో 130 రూపాయల పరిమితినే ఎత్తేసింది. సగటు ఇంటికి మాత్రం గుర్తున్నది ఒక్కటే, అంతకుముందు లేని తలనొప్పి.

దీనికి ఎదురుగా ఇంకో కథ నడుస్తోంది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకుముందు నెలకి ఒక జీబీకి దాదాపు 250 రూపాయలు పోసినవాళ్లం, రోజుకి ఒక జీబీ దగ్గర పడ్డాం. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి ఇస్తామంటూ మొదలైంది. ఒకవైపు బిల్లు అర్థంకాకుండా పోతున్న కేబుల్, ఇంకోవైపు చౌకగా పారుతున్న డేటా. జనం ఎటు మొగ్గుతారో వేరే చెప్పక్కర్లేదు. ట్రాయ్ లెక్కల్లో 2020 చివర 7 కోట్ల దాకా ఉన్న డీటీహెచ్ చందాదారులు 2024 చివరికి 6 కోట్ల లోపుకి దిగారు.

అయితే ఆన్‌లైన్ ఉచితం అనుకోవడం పొరపాటు. ఒక గంట మంచి నాణ్యత వీడియో, సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున, రెండుంపావు జీబీ తింటుంది. ఆ డేటాకి డబ్బు మనదే. టీవీ రోజుల్లో మోసుకొచ్చే ఖర్చు ఛానల్‌దీ కేబుల్ వాడిదీ. ఇప్పుడు దారి ఖర్చు వేరు, సరుకు ఖర్చు వేరు. తెలుగు సినిమాల కోసం ఆహా ఒకటి, క్రికెట్ కోసం ఒకటి, ఒక ఛానల్ సీరియళ్ల కోసం ఒకటి, ఇంకో ఛానల్‌వి ఇంకో యాప్‌లో. ఏడాది చందాల్ని పన్నెండుతో భాగించి బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకి కలిపి చూడండి. మా ఇంట్లో అది పాత కేబుల్ బిల్లుకి రెండున్నర రెట్లు తేలింది. అమ్మకి ఈ లెక్క ఇంకా చెప్పలేదు.

మా వీధి కేబుల్ ఆయన మాత్రం నష్టపోలేదు. ఆయనకి స్తంభాల మీద దారి ముందునుంచే ఉంది కదా. రాగి వైరు తీసి ఫైబర్ లాగాడు, ఒక కంపెనీ ఇంటర్నెట్ తెచ్చి అమ్ముతున్నాడు. టీవీ మానేశామని చెప్పి అమ్మ ఇప్పుడు నెట్ బిల్లు కడుతున్నది ఆయనకే.

ఇక వేళ. దీని గురించే ఎక్కువ చెప్పాలనుంది.

ప్రసారంలో అన్నిటికన్నా ఖరీదైనది సమయం. ఒక ఛానల్‌కి రోజుకి 24 గంటలే, వాటిలో సాయంత్రం నాలుగు గంటలే బంగారం. ఆ అరగంట ఒకరికిస్తే ఇంకొకరికి లేదు. అందుకని ఆ అరగంటలో వేసేది అందరికీ ఎంతో కొంత నచ్చాలి, ఎవరూ లేచి వెళ్లిపోకూడదు. శుక్రవారం రాత్రి దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం వీధంతా ఎందుకు ఎదురుచూసిందంటే, పాటలు చూడాలంటే వారానికి ఆ అరగంటే గతి కనుక. కరువు వల్ల పుట్టిన ప్రేమ అది. అప్పటి రోజులు ఎంత బాగుండేవో అని నిట్టూర్చేవాళ్లు ఆ కరువుని మర్చిపోతుంటారు.

ఆన్‌లైన్‌లో ఆ కరువు లేదు. ఒకరి అరగంట ఇంకొకరి అరగంటని మింగదు. దాని ఫలితం మన దగ్గరే కనిపించింది. తెనాలి దగ్గర గుడివాడలో, పొలం గట్టున మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండిన మస్తానమ్మని ఏ ఛానల్ వాళ్లు సాయంత్రం ఏడింటికి కూర్చోబెట్టేవాళ్లు? నూరేళ్లు దాటిన మనిషి, మేకప్ లేదు, స్టూడియో లేదు, కొలతలు చెప్పదు, గోటితో అల్లం తొక్క తీస్తుంది. 2018లో పోయేనాటికి ఆవిడ వంటని దేశదేశాల వాళ్లు చూశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షోలో గంగవ్వ అచ్చమైన తన మాటతో నవ్వించింది. ఆవిడ దాదాపు అరవయ్యేళ్ల వయసులో యూట్యూబ్ నుంచి టీవీకి వెళ్లింది, 2020లో బిగ్‌బాస్‌కి. టీవీ నుంచి యూట్యూబ్‌కి కాదు.

ఇలాంటి పెద్ద పేర్లే కానక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డులో ఈ రోజు తేజ రకం ధర ఎంత పలికింది, బోరు మోటారు కాలిపోతే వైండింగ్ ఎలా, గ్రూప్-2కి పాలిటీ ఎలా చదవాలి. ఒక్కోదానికి చూసేవాళ్లు కొన్ని వేల మందే ఉంటారు. టీవీకి ఆ కొన్ని వేలు పనికిరావు. ఇంకో సంగతి, టీవీకి ఆ కొన్ని వేలు అసలు కనిపించవు కూడా. టీఆర్పీ, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారన్న లెక్క, దాని కోసం బార్క్ సంస్థ దేశమంతా కలిపి 50 వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టింది. ఛానల్ ధ్వనిలో చెవికి వినపడని ముద్ర ఒకటి కలిపి ఉంటుంది, మీటర్ దాన్ని పసిగట్టి ఆ ఇంట్లో ఏ ఛానల్ నడుస్తోందో రాసుకుంటుంది. ఆ ఇళ్లని బట్టి మిగతా కోట్ల ఇళ్లని అంచనా వేస్తారు. పెద్ద కార్యక్రమాలకి ఇది సరిపోతుంది, మోటారు వైండింగ్‌కి కాదు. ఇళ్లు తక్కువ కాబట్టి వాటిని మభ్యపెట్టే అవకాశమూ ఉంది. 2020 అక్టోబరులో టీఆర్పీల గోల్‌మాల్ ఆరోపణలు బయటపడ్డాక న్యూస్ ఛానళ్ల రేటింగులు 2022 మార్చి దాకా ఆపేశారు. యూట్యూబ్‌కి అంచనా అక్కర్లేదు. ఎవరు ఏ సెకను దగ్గర విసిగి బయటికెళ్లారో దాని దగ్గర చిట్టా ఉంది.

ఆ చిట్టా వల్లే ఆన్‌లైన్ వీడియోకి దాని రోగాలు దానికి వచ్చాయి. గోంగూర పచ్చడికి మూడు నిమిషాలు చాలు కదా, ఆ వీడియో తొమ్మిది నిమిషాలు ఎందుకుంది? వీడియో 8 నిమిషాలు దాటితేనే మధ్యలో ప్రకటనలు పెట్టుకోనిస్తారు. ప్రకటనల ఆదాయంలో 55 శాతం వీడియో చేసినవాళ్లది. కాబట్టి గోంగూర కడగటానికే రెండు నిమిషాలు పడుతుంది, ముందు "హాయ్ ఫ్రెండ్స్", తర్వాత అత్తగారి ఊరి కబుర్లు, ఆ తర్వాత "సబ్‌స్క్రైబ్ చేసుకోండి". చానల్ మొదలుపెట్టినవాళ్లకి పూర్తి ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్‌తో రావాలంటే ఆ లెక్క వేరు. ఆ బతిమాలడం వెనక ఉన్నది ఈ అంకెలే. థంబ్‌నెయిల్ మీద నోరు తెరిచిన మొహం, 'చూస్తే షాకవుతారు' అన్న అక్షరాలు, ఇవీ ఆ చిట్టా నేర్పిన విద్యలే. టీవీ ప్రకటనలకి గంటకి 12 నిమిషాలు మించకూడదని నిబంధన ఒకటుంది, కోర్టు గొడవల్లో అది ఎంతవరకు అమలవుతోందో చూసేవాళ్లకి తెలుసు. ఆన్‌లైన్‌లో ఆ కాగితం మీది హద్దు కూడా లేదు.

వేళ పోయిన చోటికి ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఏది ఎప్పుడు చూడాలో ఇదివరకు ఛానల్ చెప్పేది, ఇప్పుడు యాప్ చెబుతోంది. తేడా ఏమిటంటే ఛానల్ అందరికీ ఒకటే చెప్పేది, ఇది ఎవరికి వాళ్లకి చెబుతుంది. అలా చెప్పాలంటే చూస్తున్నది ఎవరో దానికి తెలియాలి. మన ఇళ్లలో అక్కడే చిక్కు. హాల్లో టీవీకి ఒకటే అకౌంటు, అది కూడా ఎప్పుడో బావగారు తన ఫోన్‌తో లాగిన్ చేసి వదిలేసినది. అమ్మ ప్రవచనాలు, మా అబ్బాయి కార్టూన్లు, ఆయన రాజకీయ చర్చలు అన్నీ కలిసి యాప్‌కి ఒకే మనిషిలా కనిపిస్తాయి. తెల్లారి టీవీ పెడితే విష్ణు సహస్రనామం పక్కన డైనోసార్లు, దాని కింద ఎవరో ఎమ్మెల్యేని కడిగిపారేస్తున్న విశ్లేషకుడు. ఆ మనిషి ఎలాంటివాడని యాప్ ఊహించుకుంటోందో అనిపిస్తుంది అప్పుడప్పుడు. ఫోన్‌లో ఈ గొడవ ఉండదు. అందుకే ఇంట్లో నలుగురూ నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లు. రిమోట్ కోసం కొట్లాట తప్పిందని సంతోషించాలో, కొట్లాడటానికైనా ఒకచోట కూర్చునేవాళ్లం అనుకోవాలో నాకు తేలలేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఈ మార్పులో మనకన్నా ముందే ఉన్నారు. అమెరికాలో తెలుగు ఛానళ్లు కావాలంటే ఒకప్పుడు డిష్ పెట్టించుకుని డాలర్లలో కట్టాల్సి వచ్చేది. 2006లో మొదలైన యప్‌టీవీ ఆ ఛానళ్లని ఇంటర్నెట్ మీద అందించింది. వాళ్లకి వేళ అన్నది మొదట్నుంచీ సమస్యే, ఇక్కడి సాయంత్రం ఏడున్నర సీరియల్ అక్కడ పొద్దునపూట పడుతుంది. తప్పిపోయినదాన్ని తర్వాత చూసుకునే వీలు వాళ్లకి అవసరం, మనకి సౌకర్యం. ఆ దేశంలో మొత్తం లెక్క కూడా మారిపోయింది. 2025 మే నెలలో టీవీ తెర మీద జనం గడిపిన సమయంలో ఆన్‌లైన్ వాటా 44.8 శాతం, ప్రసార టీవీ, కేబుల్ రెండూ కలిపితే 44.2 శాతం అని అక్కడ వీక్షణ లెక్కలు కట్టే నీల్సన్ సంస్థ చెప్పింది. రెండిటినీ కలిపినా ఆన్‌లైన్ దాటడం అదే మొదటిసారి.

మన దగ్గర ఇంకా అంత దూరం రాలేదు. నేను పైన చెప్పిన ప్రపంచకప్ ఫైనల్‌నే తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది ఉంటే, అదే మ్యాచ్‌కి టీవీల ముందు ఒకేసారి 13 కోట్ల మంది ఉన్నారని లెక్క. వాన కురిస్తే అందరికీ ఒకేసారి అన్న గుణం అక్కడ పనికొచ్చింది. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ కోట్ల ఇళ్లలో ఉంది. డేటా రీచార్జ్ చేయించాలా వద్దా అని ఆలోచించే ఇంట్లో, ఒకసారి డిష్ కొని ఊరుకునే టీవీయే చౌక. డబ్బు మాత్రం ఇప్పటికే ఇటు తిరిగింది. 2023 నుంచి అయిదేళ్ల ఐపీఎల్ హక్కుల వేలంలో మన దేశపు టీవీ హక్కులకి 23,575 కోట్లు పలికితే, డిజిటల్ హక్కులు 23,700 కోట్ల పైన పలికాయి. ఆ ఏడాది తెలుగు కామెంటరీతో సహా ఐపీఎల్ ఫోన్‌లో ఉచితంగానే చూపించారు. ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టాలో వాళ్లకి తెలుసు, ఉచితం ఎక్కువ కాలం నిలవలేదు.

వేళ పూర్తిగా పోయిందని నేను ఇందాక అనలేదు, దాదాపు అన్నాను. ఏం చూడాలో తేల్చుకోలేక బొమ్మలు అలా పైకీ కిందికీ జరుపుతూ అరగంట గడిపి, చివరికి ఏదో ఒక న్యూస్ లైవ్ పెట్టి అన్నం తినే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఎంచుకోవడమూ ఒక చాకిరీయే. ఆ సంగతి కంపెనీలు కనిపెట్టాయి. కొత్త స్మార్ట్ టీవీల్లో ఇప్పుడు ఉచిత ఛానళ్లు ముందే ఉంటున్నాయి. ఇంటర్నెట్ మీదే వస్తాయి కానీ పాత టీవీలాగే వాటి వేళకి అవి నడుస్తుంటాయి, మధ్యలో ప్రకటనలతో. దారి కొత్తది, వేళ పాతది. తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వస్తున్నామా అంటే, కొంతవరకు అవును.

అమ్మ సీరియల్ సంగతీ అంతే. డబ్బు కట్టిన యాప్‌లో ఆ రోజు ఎపిసోడ్ టీవీ కన్నా ముందే వచ్చేస్తుంది. పొద్దున కాఫీ తాగుతూ చూసేయొచ్చు. చూడదు. సాయంత్రం ఏడున్నరకి దీపం పెట్టి వచ్చి, అదే యాప్‌లో ఆ ఛానల్ లైవ్ పెట్టుకుని కూర్చుంటుంది. పక్కింటి అక్కయ్యగారికి ఇంకా డిష్ ఉంది, ఆవిడా అప్పుడే చూస్తుంది. ఇద్దరూ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మాట్లాడుకుంటూ చూస్తారు. కాకపోతే ఆవిడకి అర నిమిషం ముందు వస్తుంది. నేనున్న నాలుగు రోజులూ రోజుకి పదిసార్లు వినిపించింది, "అక్కయ్యా, చెప్పకండి, మాకింకా రాలేదు" అని.